స్టెంట్ వేశాక ఏం చూస్తారు? విశాఖలోని ఒక గుండె ఆసుపత్రి ఫాలోఅప్ సేవపై సమీక్ష

విశాఖలో ఏ గుండె ఆసుపత్రి మంచిదని అడిగేవారు స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా వేసే సన్నని జాలీ గొట్టం) ఖర్చు, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్న రెండు విషయాలతోనే ఆగిపోతుంటారు. డిశ్చార్జి తరువాత ఎలా చూస్తారన్నది కూడా తప్పక అడగాలి.

పాడేరులో ఉండే మా మేనమామకు గుండెపోటు వచ్చినప్పుడు, ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరేసరికి ఆలస్యమవుతుందని అక్కడి డాక్టర్లు ముందుగా గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ వెంటనే అంబులెన్సులో విశాఖలోని ఈ ఆసుపత్రికి పంపించారు. మరునాడు యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో అడ్డంకులు చూపే పరీక్ష) తీసి స్టెంట్ వేశారు. నేరుగా యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచే చికిత్స) చేయకపోవడం వల్ల నష్టం జరిగిందేమోనని మేము అడిగితే, కార్డియాలజిస్టు ఓపికగా కూర్చోబెట్టి వివరించారు. డెన్మార్క్‌లో జరిగిన డానామి-2 అధ్యయనంలో రోగులను 16 ఏళ్లు గమనించగా, ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవారికంటే వెంటనే యాంజియోప్లాస్టీ చేయించుకున్నవారిలో మళ్లీ గుండెపోటు రావడం, గుండెజబ్బుతో మరణించడం తక్కువగా కనిపించాయి. అయితే అక్కడ దాదాపు అందరినీ రెండు గంటల్లోపే పెద్దాసుపత్రికి చేర్చగలిగారు. ఆ వెసులుబాటు లేనిచోట ముందు ఇంజెక్షన్, తరువాత యాంజియోగ్రామ్ అన్న పద్ధతి సరైనదేనని 2013లో వెలువడిన స్ట్రీమ్ అధ్యయనం కూడా బలపరిచింది. ఏజెన్సీ నుంచి వచ్చే కుటుంబాలకు ఇంత స్పష్టంగా చెప్పే డాక్టరు దొరకడం గొప్ప మేలు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది మందుల కార్డు. ఉదయం, రాత్రి వేసుకోవలసిన మాత్రలను తెలుగులో రాసి, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, టికాగ్రెలార్ పేర్ల కింద ఎర్ర సిరాతో గీత గీసి, డాక్టరును అడగకుండా ఆపవద్దని నర్సు స్వయంగా చదివి వినిపించారు. కొన్ని నెలల తరువాత పన్ను తీయించుకోవాల్సి వచ్చినప్పుడు ఎవరో మాత్రలు ఆపమన్నారట. మామయ్య ఆ కార్డు చూసుకుని ముందుగా ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదముందని చెప్పి, మందులు కొనసాగిస్తూనే పన్ను తీయవచ్చని వారే దంతవైద్యుడితో మాట్లాడారు.

లోపాలూ ఉన్నాయి. ఓపీలో నిరీక్షణ చాలా ఎక్కువ. గుండె కోలుకోవడానికి ఇచ్చే వ్యాయామ శిక్షణ పనిదినాల్లో ఉదయం పూట మాత్రమే కావడంతో దూరప్రాంతాలవారికి అందడం లేదు. గుండె పంపింగ్ ఎంత మెరుగైందో తెలిపే ఎకో పరీక్షను మేము గుర్తుచేస్తేనే రాశారు. దీర్ఘకాల ఫలితాన్ని అంచనా వేయడానికి అంత ముఖ్యమైన పరీక్షను రోగి గుర్తుచేయవలసిన పరిస్థితి ఉండకూడదు. ఈ ఒక్కటీ సరిదిద్దితే, ఏజెన్సీ నుంచి వచ్చే ఎవరికైనా ఈ ఆసుపత్రిని నేను సంకోచం లేకుండా సూచిస్తాను.