మళ్లీ చూడాలంటే కరమ్‌చందా, బ్యోమకేశ్ బక్షీయా?

దూరదర్శన్ ఒక్కటే దిక్కుగా ఉన్న రోజుల్లో, హిందీ సగమే అర్థమైనా కళ్లార్పకుండా చూసిన డిటెక్టివ్ ధారావాహికల్లో 1985 నాటి ‘కరమ్‌చంద్’, 1993లో మొదలైన ‘బ్యోమకేశ్ బక్షీ’ నాకు అత్యంత ప్రియమైనవి. ఇటీవల ఇంట్లో రెండింటినీ మళ్లీ చూశాను.

పంకజ్ పరాశర్ దర్శకత్వం వహించిన కరమ్‌చంద్‌కు ప్రాణం పంకజ్ కపూర్ నటనే. ఆ నల్లకళ్లద్దాలు, క్యారెట్ కొరికే తీరు, సుస్మితా ముఖర్జీ పోషించిన సహాయకురాలు కిట్టీని ‘షటప్’ అని కసరడం నేటికీ హాయిగా నవ్విస్తాయి. అయితే హంతకుడెవరో తెలిశాక కథలో వెతుక్కోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

బాసు చటర్జీ తీసిన బ్యోమకేశ్ విషయం వేరు. శరదిందు బందోపాధ్యాయ బెంగాలీ కథల నుంచి వచ్చిన ఈ పాత్ర, డిటెక్టివ్ అన్న మాట రుచించక తనను ‘సత్యాన్వేషి’ అని చెప్పుకుంటుంది. మనకు అనువాదం అక్కరలేని మాట అది. భజగోవింద శ్లోకాన్ని గుర్తుచేసే ‘అర్థమనర్థం’ కథనే తీసుకుంటే, వీలునామా చుట్టూ తిరిగే ఆ హత్యోదంతంలోనే బ్యోమకేశ్‌కు తర్వాత తన భార్య అయ్యే సత్యవతి తారసపడుతుంది కనుక, ముగింపు తెలిసి చూసేవారికి ప్రశ్నల కన్నా వారిద్దరి చూపులు, మౌనాలే ఎక్కువ చెబుతాయి. బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్ గొంతు పెంచకుండా ప్రశ్నిస్తుంటే, అతని మిత్రుడు అజిత్‌గా కె.కె. రైనా పక్కన కూర్చుని వినే తీరు కూడా ఈసారే నా దృష్టికి వచ్చింది.

ఇంటిల్లిపాదీ కూర్చునే సాయంత్రానికి కరమ్‌చంద్ చాలు. ఒంటరిగా చూసే రాత్రికి నేను బ్యోమకేశ్‌నే ఎంచుకుంటాను.