16 టీబీ డ్రైవ్ రూ.1,699కే అంటే కొనకండి: అక్క కూతురి ఓణీల ఫంక్షన్ మొత్తం పోగొట్టుకున్నాను

పండగ సేల్‌లో "16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ" (ఫైళ్లు దాచుకునే, వేగంగా పనిచేసే డ్రైవ్; టీబీ అంటే వెయ్యి జీబీ) అని పదిహేను వందలకో రెండు వేలకో కనిపిస్తే కార్ట్‌లో పెట్టకండి. పెట్టి ఉంటే తీసేయండి. ఇప్పటికే ఇంటికొచ్చి ఉంటే అందులోకి ఏదీ కట్ పేస్ట్ చేయకండి. తొందరలో ఉన్నవాళ్లు ఇంతవరకు చదివి వెళ్లిపోయినా ఫర్వాలేదు. తీరిక ఉన్నవాళ్లకు మొత్తం చెప్తాను. ఎందుకంటే ఇందులో పోయేది డబ్బు ఒక్కటే కాదు.

నాది 2020లో కొన్న లాప్‌టాప్. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ లెక్కలో 238. (కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. 1 టీబీ కొంటే 931 జీబీ కనిపించేది అందుకే. అది మోసం కాదు, దాని గురించి గొడవ పడకండి.) పోయిన ఏడాది దసరాకి సి డ్రైవ్ కింద గీత ఎర్రబడింది. ఖాళీ 3 జీబీ. విండోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోతోంది, బ్రౌజర్ తెరిస్తే సిస్టమ్ హ్యాంగ్, ఎక్సెల్ సేవ్ చేస్తే చోటు లేదంటోంది.

మొదట ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ దింపాను. రెండు నిమిషాలు స్కాన్ చేసి వెయ్యికి పైగా "సమస్యలు" ఎర్ర అక్షరాల్లో చూపించి, బాగుచేయాలంటే రూ.1,299 కట్టమంది. మా ఆవిడ వెనక నుంచి చూసి, "ఆ సమస్యలన్నీ నిన్నటిదాకా ఎక్కడున్నాయండీ?" అంది. కట్టలేదు. ఇలా భయపెట్టి డబ్బు గుంజే క్లీనర్లను 2018 మార్చి 1 నుంచి అనవసరపు సాఫ్ట్‌వేర్ కింద జమకట్టి తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ కూడా ప్రకటించింది. పేరున్నవాటినీ గుడ్డిగా నమ్మలేం. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు దొంగ కోడ్ దూర్చారు, అది దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి చేరింది.

అక్కడ తప్పించుకున్నవాణ్ని ఇక్కడ పడ్డాను. ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయను, ఎందుకంటే అదే సరుకు పది పేర్లతో అమ్ముతున్నారు. మెటల్ బాడీ, నీలం లైటు, టైప్ సి కేబులు, 16 టీబీ, రూ.1,699. నాలుగు పైగా రేటింగు. రివ్యూలన్నీ "ప్యాకింగ్ బాగుంది", "డెలివరీ త్వరగా వచ్చింది", "చూడ్డానికి బాగుంది". వాడి నెల రోజులైందని రాసినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. పేరున్న కంపెనీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల్లో 8 టీబీవే అరుదు, వాటి ధర పదుల వేలల్లో ఉంటుంది. దానికి రెట్టింపు చోటు పదిహేడు వందలకు ఎవడిస్తాడు? కిలో నెయ్యి నూట యాభైకి అమ్ముతుంటే మనం వాసన చూస్తాం కదా, కంప్యూటర్ సామాను దగ్గర మాత్రం ముక్కు మూసుకుంటాం.

డ్రైవ్ గుచ్చితే విండోస్‌లో 14.5 టీబీ అని చూపించింది. లెక్క సరిపోయింది. పొంగిపోయాను.

మొదటి రాత్రి సినిమాలు, సీరియల్ ఎపిసోడ్లు తోశాను, 50 జీబీ. సెకనుకు 10 ఎంబీ దగ్గర పాకుతూ వెళ్లింది. ఎస్‌ఎస్‌డీకి అంత నెమ్మది ఏమిటి అనుకుని, కేబుల్ మీదకి నెట్టేశాను. రెండో రాత్రి ఫొటోలు, వీడియోలు, 62 జీబీ. నాన్న షష్టిపూర్తి, మా పెళ్లి వీడియో, అక్క కూతురి ఓణీల ఫంక్షన్. ఆ ఫంక్షన్ వీడియో ఫొటోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, "నీ లాప్‌టాప్‌లో అయితే భద్రంగా ఉంటుందిరా" అని అక్కే నా దగ్గర పెట్టింది. తర్వాత ఆ పెన్‌డ్రైవ్ చెరిపేసి టీవీలో పాటలకు వాడుకుంది.

ఈ రెండు రాత్రులూ కాపీ చేయలేదు, కట్ పేస్ట్ చేశాను. చోటు కావాలి కదా. అయిపోయాక రెండు ఫొటోలు తెరిచి చూశాను కూడా. చక్కగా తెరుచుకున్నాయి. తర్వాత తెలిసిన విషయం ఏమిటంటే, అప్పుడే కాపీ అయిన ఫైలు లాప్‌టాప్ ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, ఇంకా ఉంటుంది, విండోస్ దాన్నే తీసి చూపించగలదు. డ్రైవ్ పీకేసి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి, మళ్లీ గుచ్చి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. నేను పీకి బీరువాలో పెట్టాను.

పంతొమ్మిదో రోజున అక్క వాళ్లు వచ్చారు. టీవీకి పెట్టి ఫంక్షన్ చూద్దామన్నారు. ఫోల్డర్ ఉంది, ఫైళ్ల పేర్లున్నాయి, సైజులు సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోదు. లాప్‌టాప్‌కి పెట్టి చూశాను, అదే వరస. మొదటి రాత్రి తోసిన సినిమాలు మాత్రం నిక్షేపంలా ఆడుతున్నాయి. ఫొటోల్లో మొదట వెళ్లిన ఓ 9 జీబీ బతికింది, మిగతా 53 జీబీ పేర్లే తప్ప సరుకు లేదు. అక్క ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అరండల్‌పేటలో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. ఆ అబ్బాయి దాన్ని చేతిలో పట్టుకుని నవ్వి, "అన్నా, విప్పనా?" అన్నాడు. నాలుగు స్క్రూలు తీస్తే లోపల చిన్న పచ్చ బోర్డు, దాని స్లాట్‌లో ఫోన్లో వేసుకునే మైక్రో ఎస్‌డీ కార్డు, కదలకుండా గ్లూ గన్‌తో అంటించారు. పక్కన ఒక ఇనప ముక్క. బరువు కోసం! కార్డు 64 జీబీది, విండోస్ లెక్కలో 59 పైచిలుకు. సినిమాలు 50, ఫొటోలు 9, అక్కడితో అది నిండిపోయింది.

మరి 14.5 టీబీ అని విండోస్ ఎలా చూపించింది? విండోస్ డ్రైవ్‌ని కొలవదు, అడుగుతుంది. డ్రైవ్ లోపలి కంట్రోలర్ చిప్ ఎంత చెబితే అంత అని నమ్ముతుంది. ఆ చిప్‌లోని ప్రోగ్రామ్‌ని మార్చి 16 టీబీ అని చెప్పిస్తున్నారు. నిజమైన 64 జీబీ నిండాక వచ్చే డేటాని అది ఎక్కడా రాయదు, రాశానని మాత్రం జవాబిస్తుంది. ఫైళ్ల పేర్ల పట్టిక డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ ఉంటాయి. గోడౌన్‌లో బస్తాలు దించుకోకుండానే రసీదులు రాసిచ్చినట్టు. ఇంకో రకం డ్రైవ్‌లు ఇంకా ఘోరం, నిండగానే మొదటికొచ్చి పాతవాటి మీదే రాసేస్తాయట. నాది ఆ రకమైతే సినిమాలు కూడా పోయేవి, అప్పుడు ఇంకాస్త త్వరగా పసిగట్టేవాణ్నేమో.

రికవరీ చేయించుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఇంకో షాపులో రూ.9,000 అడిగారు కూడా. ఆ డబ్బు పెట్టకండి. ఆ డ్రైవ్‌లో రాయనే రాయని ఫైళ్లని ఎవరు వెనక్కి తెస్తారు? ఇక మిగిలింది లాప్‌టాప్. కట్ పేస్ట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి పోవు, నేరుగా చెరిగిపోతాయి. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయి, దానిమీద కొత్తవి రాయకుండా ఉంటే, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు లాగొచ్చు, పేర్లు పోయినా ఫొటోలు వస్తాయి. ఎస్‌ఎస్‌డీలో మాత్రం ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది. చెరిపిన చోటుని అది వెంటనే శుభ్రం చేసేస్తుంది. పంతొమ్మిది రోజుల తర్వాత అక్కడ ఏమీ ఉండదు. అరండల్‌పేట అబ్బాయి ఈ మాట ముందే చెప్పి, విప్పి చూపించినందుకు కూడా డబ్బు తీసుకోలేదు.

ఇక వాపసు భాగోతం. రిటర్న్ గడువు 7 రోజులు, నాకు తెలిసింది 19వ రోజున. అమ్మినవాడు "ఫార్మాట్ చేసి మళ్లీ ప్రయత్నించండి సర్" అని మెసేజ్ పెట్టాడు. ఫార్మాట్ చేస్తే సాక్ష్యం కూడా పోతుంది, చేయకండి. సైటు వాళ్లు గడువు దాటిందన్నారు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆర్డర్ బిల్లు, విప్పిన డ్రైవ్ ఫొటో, ప్రకటన స్క్రీన్‌షాట్ జత చేశాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సైటు గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ మాట మెయిల్‌లో రాశాక భాష మారింది. మూడు వారాలకు రూ.1,699 వెనక్కి వచ్చింది. ప్రకటన స్క్రీన్‌షాట్ కొన్నరోజే తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యేసరికి ఆ పేజీ మాయమవుతుంది, నాకు గూగుల్‌లో మిగిలిన బొమ్మ దొరికింది కాబట్టి సరిపోయింది.

ఇంతకీ కడుపు మండే విషయం ఇప్పుడు చెప్తాను. అసలు నాకు డ్రైవ్ అక్కర్లేదు. చోటు లాప్‌టాప్‌లోనే ఉంది.

విజ్‌ట్రీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ ఫోల్డర్ ఎంత మింగిందో నిమిషంలో పెద్దవి పైన, చిన్నవి కింద పేర్చి చూపిస్తుంది. (విన్‌డిర్‌స్టాట్ కూడా అదే పని చేస్తుంది, కాస్త నెమ్మది.) చూస్తే, మా ఆవిడ మూడేళ్ల క్రితం మార్చేసిన ఐఫోన్ బ్యాకప్ 38 జీబీ! ఫోన్ ఇంట్లో లేదు, బ్యాకప్ ఉంది. యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో కూర్చుంది కాబట్టి మామూలుగా కనిపించదు. దాన్ని ఫోల్డర్ పట్టి చెరిపేయకుండా ఐట్యూన్స్‌లోకి వెళ్లి అక్కడ నుంచి తీసేశాను. రీసైకిల్ బిన్‌లో 12 జీబీ. డౌన్‌లోడ్స్‌లో 14, అందులో ఒకే సెటప్ ఫైలు నాలుగుసార్లు, పక్కన 1, 2, 3 అంకెలతో. టెంపరరీ ఫైళ్లు, పాత అప్‌డేట్ల చెత్త 4. ఇవి సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అన్న చోట దొరుకుతాయి. అక్కడ ఒక్క జాగ్రత్త, ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఒక గడిగా ఉంటుంది. చూడకుండా అన్నిటికీ టిక్ పెట్టారంటే మీ ఆధార్ పీడీఎఫ్‌లు, జీతం స్లిప్పులు కూడా పోతాయి.

హైబర్నేట్ (తెరిచి ఉన్నవన్నీ డ్రైవ్‌లో దాచి లాప్‌టాప్‌ని ఆపేసే పద్ధతి) వాడనివాళ్లు దాని ఫైలు కూడా తీసేయొచ్చు. ర్యామ్ ఎంత ఉంటే అందులో 40 శాతం దాకా చోటు డ్రైవ్‌లో తింటుంది, నా 8 జీబీ ర్యామ్‌కి 3 జీబీ వచ్చింది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ హెచ్, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని కొట్టాలి. దీనితో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, సిస్టమ్ ఆన్ కావడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్ఎక్స్ఎస్ అని పెద్దగా కనిపిస్తుంది, దాని జోలికి మాత్రం పోకండి, విండోస్ లేవదు.

మొత్తం 71 జీబీ. పైసా ఖర్చు లేదు, ఆదివారం మధ్యాహ్నం భోజనానికీ టీకీ మధ్య అయిపోయింది. ఇది దసరా ముందు చేసి ఉంటే ఫొటోలు కదిలించే పనే లేదు.

ఫంక్షన్ ఫొటోలు కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరెవరో పెట్టినవి 60 దాకా ఏరాను, మసగ్గానైనా ఉన్నాయి. వీడియో లేదు. ఫొటోగ్రాఫర్‌ని అడిగితే ఆరు నెలలు దాటాక చెరిపేస్తామన్నాడు, వాళ్లకీ హార్డ్ డిస్కులు నిండుతాయి మరి.

మొన్న రాత్రి చూస్తే అదే నల్లడబ్బా, అదే నీలం లైటు, వేరే పేరు. 30 టీబీ అట, రూ.1,499. రేటింగు నాలుగు పైనే.

ఇప్పటికే కొన్నవాళ్లు రిటర్న్ తేదీ ఎప్పుడో ఈరోజే చూసుకోండి. తర్వాత ఖాళీ డ్రైవ్ మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడపండి. జర్మనీ నుంచి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్, తెరవగానే భాష ఇంగ్లిష్‌కి మార్చుకోవచ్చు. 1 జీబీ చొప్పున పరీక్ష ఫైళ్లు రాసి, మళ్లీ చదివి పోల్చుతుంది. 16 టీబీ అంతా రాయనక్కర్లేదు, 200 జీబీ చాలు (అక్కడ ఎంబీల్లో అడుగుతుంది, 200000 అని ఇవ్వండి), నా దానిలాంటి డబ్బా అయితే ఆలోపే దొరికిపోతుంది. సెకనుకు 10 ఎంబీ దగ్గర రాయడానికే ఐదున్నర గంటలు పడుతుంది, చదవడానికి ఇంకొన్ని గంటలు. రాత్రి పెట్టి పడుకోండి, లాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగు మార్చండి. అంత ఓపిక లేకపోతే వాలిడ్రైవ్ అని ఇంకోటి ఉంది, డ్రైవ్ అంతటా అక్కడక్కడా రాసి చదివి నిమిషాల్లో చెప్పేస్తుంది. లైనక్స్, మ్యాక్ వాళ్లకి ఎఫ్3. తప్పులు చూపిస్తే ఆ స్క్రీన్ ఫొటో తీసి రిటర్న్‌కి జత చేయండి, "పనిచేయడం లేదు" అని కాకుండా "నకిలీ కెపాసిటీ" అని రాయండి. లేకపోతే రీప్లేస్‌మెంట్ అని ఇంకో ఇనప ముక్క పంపిస్తారు.