క్లాక్ టవర్ దగ్గరి గేమింగ్ సెంటర్: సిస్టమ్స్ సరే, రచ్చకట్ట సంగతి చెప్తా

అనంతపురంలో ఎనిమిది నెలలుగా నెల పాస్ కట్టి పోతున్న గేమింగ్ సెంటర్ గురించి ఇది. పేరు రాయను. కింద కొన్ని తిట్లున్నాయి, ఓనరన్న మంచోడే, ఊరేమో చిన్నది, రేపు సప్తగిరి సర్కిల్లో ఎదురైతే మొహం తిప్పుకొని పోలేను. క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరం, కింద సెల్ రిపేర్ షాపు, పక్క మెట్లెక్కి పైకి పోవాలి. పోయేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

ముందు మామూలు సంగతులు. 14 సిస్టమ్స్, రెండు పీఎస్ 5లు (ప్లేస్టేషన్). సిస్టమ్ గంటకు 50, పీఎస్ 100, నెల పాస్ 1200కి 30 గంటలు. వలొరెంట్ అనే కాల్పుల ఆటలో ముంబై సర్వర్‌కి పింగ్, అంటే మన సిగ్నల్ పోయి వచ్చే టైమ్, 35, 40 మిల్లీసెకన్ల మధ్యలో ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే కొంచెం ఎగురుతుంది. కుర్చీలు బాగున్నాయి. ఏసీలు రెండు, అందులో ఒకటి గోడకు అలంకారం. కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలు లాగుతుంది, ఆ పది నిమిషాల్లో మ్యాచ్ అయిపోతే అదృష్టం, లేకపోతే పోయిన గంటలో సగం పాస్‌లోకి వెనక్కి వేస్తారు, అడిగితేనే వేస్తారు కాబట్టి అడగండి. పీఎస్‌లో ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ ఆట ఉంది. 2023లోనే దాని పేరులోంచి ఫిఫా తీసేశారు గానీ మా ఊళ్లో ఇంకా "ఫిఫా వెయ్యన్నా" అనే అడుగుతారు, అన్న కూడా బోర్డు మీద ఫిఫా అనే రాశాడు.

ఇంతే అయితే నేను రివ్యూ రాసేవాణ్ని కాదు. ఇంట్లో పనికొచ్చే ల్యాప్‌టాప్ ఉంది. నెలనెలా 1200 కట్టేది వాళ్ల డిస్కార్డ్ గ్రూపు కోసం, డిస్కార్డ్ అంటే ఆటలాడేవాళ్లు గదులు గదులుగా రాసుకునే, మాట్లాడుకునే యాప్. పాస్ ఉంటేనే అందులో టీమ్ గదులు తెరుచుకుంటాయి, మిగతా గదులు అందరికీ. ఆరొందల మంది దాకా ఉన్నాం. జేఎన్‌టీయూ, ఎస్కేయూ హాస్టల్ పిల్లలు, ధర్మవరం, కదిరి, తాడిపత్రి వాళ్లు, బళ్లారి నుంచి కొందరు, బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ రాత్రి పదయ్యాక ఊరి యాస వినడానికే వచ్చే నాలాంటి వయసువాళ్లు ఇంకొందరు. దీని మూలం 2020 నాటి వాట్సాప్ గ్రూపు. ఆ సెప్టెంబర్‌లో పబ్జీ బ్యాన్ అయినప్పుడు ఏడుపులతో మొదలైంది, 2021 జులైలో దాని ఇండియా రూపం బీజీఎంఐ వస్తే లేచి కూర్చుంది, 2022 జులైలో దాన్ని కూడా స్టోర్లలోంచి తీసేస్తే మళ్లీ చతికిలబడింది, 2023 మే చివర్లో తిరిగొచ్చాక అన్న ధైర్యం చేసి సెంటర్ తెరిచాడు. ఇన్నిసార్లు ఆట పోయి వచ్చింది గానీ గ్రూపులో గొడవ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదని పాతవాళ్లు చెప్తారు, గర్వంగానే చెప్తారు.

గొడవ అంటే ఎట్లాంటిదో చెప్తా. మొదట్లో మోడ్‌గా, అంటే గ్రూపును అదుపులో పెట్టేవాడిగా, ఉన్న పిల్లోడు ఒకడు, డిగ్రీ చదువుతున్నాడు, తిట్లు ఆపాలని ఆటోమోడ్‌లో మాటల జాబితా పెట్టాడు. డిస్కార్డ్‌లో ఈ ఆటోమోడ్ 2022 నుంచి ఉంది, మనం ఇచ్చిన మాట కనబడితే మెసేజ్ పోకముందే ఆపేస్తుంది. తిట్ల కోసం దాంట్లో ముందే ఒక జాబితా ఉంటుంది గానీ, మన తిట్లు దానికేం తెలుస్తాయి, ఒక్కో తిట్టును ఇంగ్లీష్ అక్షరాల్లో ఆరేడు రకాలుగా రాస్తారు మనవాళ్లు. మావాడు ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ పోయాడు. "చంపేస్తా" దగ్గర తెలివి చూపించాడు. రకరకాల స్పెల్లింగులు రాయలేక మొదటి అయిదు ఇంగ్లీష్ అక్షరాలు పెట్టి, వాటి పక్కన నక్షత్రం గుర్తు పెట్టేశాడు. నక్షత్రం ఉంటే ఆ తర్వాత ఏమొచ్చినా ఆపుతుంది. ఛాంపియన్ అనే మాటలో మొదటి అయిదు అక్షరాలు కూడా అవే. ఆ ఆదివారం మా ఊరి టీమ్ హిందూపురం వాళ్లమీద గెలిచింది, అభినందనలు చెప్పడానికి వచ్చినోళ్ల మెసేజ్‌లన్నీ ఆగిపోయాయి, గంటసేపు గ్రూపంతా శ్మశానంలా ఉంది. గెలిచినవాళ్లు అలిగారు. కాల్పుల ఆట ఆడుకునే చోట చంపడం అనే మాట ఆపాలనుకోవడమే ఒక వింత, సరే.

ఇంక నా కథ. సెంటర్ పెట్టిన ఒక టోర్నమెంట్‌లో రెండో స్థానంలో వచ్చిన టీమ్‌లో నేనొకణ్ని, ప్రైజ్ మూడు వేలు. మూడు వారాలైనా డబ్బు రాలేదు. రాత్రి పన్నెండుకు జనరల్ గదిలో రాశాను: "అన్నా, ప్రైజ్ మనీ ఎప్పుడిస్తారు, ఎంట్రీ ఫీజు మాత్రం ముందురోజే ఫోన్‌పే చేయించుకున్నారు కదా." రెండు నిమిషాల్లో మెసేజ్ మాయం. నాకు ఏడు రోజులు టైమౌట్. కారణం రాసే చోట ఖాళీ. టైమౌట్ అంటే ఏంటో పడనివాళ్లకు తెలీదు, అన్నీ చదవొచ్చు, ఒక్క అక్షరం రాయలేం, బొమ్మ కూడా పెట్టలేం, వాయిస్‌లోకి పోలేం. పెళ్లికి పిలిచి ఆకు ముందు కూర్చోబెట్టి చేతులు కట్టేసినట్టు. డిస్కార్డ్‌లో దీన్ని 28 రోజుల వరకు వేయొచ్చు, కాబట్టి ఏడంటే దయే అనుకోవాలేమో.

రెండో రోజు నేరుగా కౌంటర్‌కి పోయాను. అన్నకు అసలు విషయమే తెలీదు. "ఏమప్పా, డబ్బులు ఎగ్గొడతాననుకుంటివా?" అన్నాడు, స్పాన్సర్ ఇస్తానన్నవాడు ఇయ్యలేదంట, జేబులోంచి తీసి అప్పటికప్పుడే పంపించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడనే సామెత ఊరికే పుట్టలేదు, అన్నకు లేని నొప్పి ఆ డిగ్రీ మోడ్‌కి వచ్చింది. టైమౌట్ తీసేస్తాలే అన్నాడు అన్న. నేను వద్దన్నాను, ఎందుకు వేశారో అందరి ముందు చెప్పమన్నాను. అక్కడ తేలిందేమంటే చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆడిట్ లాగ్ అని ఒకటుంటుంది, 45 రోజుల వరకు ఎవరు ఎవరి మెసేజ్ తీశారో అందులో కనిపిస్తుంది, కానీ ఆ మెసేజ్‌లో ఏముందో ఉండదు. దొంగ ఎవరో తెలుసు, సొత్తు ఏదో తెలీదు. ధర్మవరం ఫ్రెండ్ ఒకడు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

సరిపోలేదు కూడా. ఇందాక ఒకటి దాచాను. స్క్రీన్‌షాట్‌లో నా రెండో మెసేజ్ కూడా ఉంది, మొదటిది పెట్టిన ముప్పై సెకన్లకే పెట్టింది, అందులో "దొంగ నా కొడుకులు" అని ఉంది. రాసింది నేనే. ఆ మోడ్ దాన్ని చూసి రెండూ తీసేశాడు. రెండోది తీయడం న్యాయమే, మొదటిది తీయడం కాదు, ఏ కారణం చెప్పకపోవడం అసలే కాదు. రెండు రోజులు వాదించుకున్నాక ఏడు రోజుల్ని ఒకరోజు చేశారు, అప్పటికే నాలుగు రోజులు అయిపోయాయి లెండి. తీసేసిన మెసేజ్ తిరిగి రాదు కాబట్టి నా మొదటి ప్రశ్నను అన్నే తన పేరు మీద మళ్లీ పెట్టి, కిందనే జవాబు రాశాడు. ఇంత చేసే ఓనర్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ తర్వాత పెట్టిందే రచ్చకట్ట. గ్రూపులో ఆ పేరుతోనే ఒక గది. ఏ మెసేజ్ తీసినా, ఎవర్ని ఆపినా, ఎవరు చేశారు, ఎందుకు అని ఒక లైన్ అక్కడ పడాలి. తప్పనిపించినవాళ్లు అక్కడే అడగొచ్చు, తీసిన మోడ్ మాత్రం ఆ తీర్పులో ఉండకూడదు. స్లో మోడ్ అయిదు నిమిషాలు పెట్టారు, అంటే ఒకసారి రాస్తే ఇంకో అయిదు నిమిషాలు నోరు మూసుకోవాలి. ఇంత చిన్న పని ఎంత మార్పు తెచ్చిందో చెప్పలేను. ముందు "పోరా", "నువ్వు పోరా" అని నలభై మెసేజ్‌లు పడేచోట ఇప్పుడు ఒక్కొక్కడు పేరాగ్రాఫ్ రాస్తున్నాడు, అయిదు నిమిషాలకు ఒక్క అవకాశమే కదా, వృథా చేసుకోడు.

అక్కడ నాకు బాగా నచ్చిన వాదన "లే" మీద జరిగింది, మా సీమలో "రా", "ఒరే" అన్నట్టు చనువుగా పిలిచే మాట అది. గుంటూరు వైపు నుంచి వచ్చి జేఎన్‌టీయూలో చదివే అబ్బాయి ఒకడు, తనని ప్రతివాడూ "ఏంలే", "రాలే" అంటున్నారని, ఇది మర్యాద కాదని, మాటల జాబితాలో చేర్చాలని పెట్టాడు. మావాళ్లకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కదిరి ఆయన ఒకాయన రాశాడు, "మా నాయన నన్ను పేరు పెట్టి పిలిచింది బడిలో చేర్పించిన రోజు ఒక్కటే, మిగతా అన్ని రోజులూ లే అనే." ఇంకొకరు, కొత్తవాళ్లకు కష్టంగా ఉంటే మొదటి పరిచయంలో మానుకుంటే మన సొమ్మేం పోతుంది అన్నారు, నాకు అది సబబుగా తోచింది. చివరికి మాటను ఆపకూడదని, ఎవరైనా తనని అట్లా పిలవొద్దంటే వాళ్లవరకు మానేయాలని తేల్చారు. గుంటూరు అబ్బాయి "సరేలే" అని రాశాడు. ఏ లే ప్పా అది, మీ లేనా మా లేనా అని ఆ రాత్రంతా నవ్వులే.

డబ్బు వాదన ఇంకా బరువైంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది కదా, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను ఆపేసి, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్స్‌ను, వేరుగా గుర్తించింది. అయితే మనం మనిషికి వంద తీసుకుని టోర్నమెంట్ పెడితే అది ఏ గంపలోకి వస్తుందని ఒక లా స్టూడెంట్ అడిగాడు. ఈ-స్పోర్ట్స్‌కి ప్రవేశ రుసుము, ఆటను బట్టి ఇచ్చే బహుమతి ఉండొచ్చని, రుసుము పోటీలో చేరడానికో నిర్వహణ ఖర్చుకో మాత్రమే అని చట్టంలో ఉందని అతనే చెప్పాడు, అయితే దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ లాంటి షరతులు కూడా ఉన్నాయని గుర్తుచేశాడు. మూడు రోజుల వాదన తర్వాత అన్న ఎంట్రీ ఫీజు ఎత్తేశాడు, సీటుకు గంటల డబ్బు మాత్రం తీసుకుంటాడు, ప్రైజ్ తన చేతి నుంచో లోకల్ షాపుల నుంచో ఇస్తాడు. ప్రైజులు చిన్నవైపోయాయి, అందుకు కొందరు గొణుగుతూనే ఉన్నారు, వాళ్ల గొణుగుడు కూడా రచ్చకట్టలో అట్లే ఉంది, ఎవరూ తీయలేదు.

పార్టీలు, కులం, హీరోల ఫ్యాన్ గొడవలు మాత్రం పూర్తిగా బంద్. పేరు చివర కులం తోక ఉన్నా మార్చుకోమంటారు. దీని మీద వాదనకు కూడా చోటు లేదు, నాకేం అభ్యంతరం లేదు, ఊళ్లో ఆ పనికి వేరే చోట్లు చాలానే ఉన్నాయి.

ఇంక తిట్టాల్సింది. రచ్చకట్ట పేరు వచ్చాక అన్నకు ప్రతిదీ అక్కడ పెట్టే పిచ్చి పట్టింది. గ్రూపులో ఆడపిల్లలు తక్కువ, ఉన్నవాళ్లు మైక్ ఆపుకునే ఆడతారు. ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయి ఒకరోజు మ్యాచ్‌లో మైక్ ఆన్ చేసి "లెఫ్ట్‌లో ఇద్దరున్నారు" అని చెప్పింది, అంతే. వాయిస్ ఛేంజరా అని ఒకడు, ఇంకోసారి మాట్లాడమని ఒకడు, ఆ తర్వాత రాయడానికి వీల్లేని మాట ఒకడు. వాయిస్‌లో ఆటోమోడ్ లేదు, మాట నోరు దాటితే పోయినట్టే. ఆమె అన్నకు విడిగా మెసేజ్ పెట్టింది. అన్న ఏం చేయాలి? వాళ్లను ఆపాలి. ఏం చేశాడు? "ఇది జోకా, వేధింపా, మీ అభిప్రాయం చెప్పండి" అని రచ్చకట్టలో పెట్టాడు. పేరు రాయలేదు గానీ ఆ రాత్రి వాయిస్‌లో ఉన్న ఆడపిల్ల ఒక్కతే, తెలియనిదెవరికి. అరవై మంది అభిప్రాయాలు చెప్పారు. చాలామంది ఆమె వైపే మాట్లాడారు, నేనూ రాశాను, ఎంత బాగా రాశానో అని మురిసిపోయాను కూడా. పొద్దున చూస్తే ఆమె గ్రూపులో లేదు.

రూలు ఎట్లుండాలో అందరూ వాదించుకోవచ్చు, ఒక మనిషికి జరిగిందాన్ని అరవై మంది ముందు తూకం వేయించడం వేరే సంగతి. ఇది నేను అన్నకు కౌంటర్ దగ్గరే చెప్పాను, ఉగ్గాని తింటూ విన్నాడు, బజ్జీ నా వైపు జరిపాడు, అదే ఆయన ఒప్పుకోవడం. ఇప్పుడు మనిషి మీద ఫిర్యాదు అన్నకు, ఇంకో సీనియర్ అక్కకు మాత్రమే పోతుంది, వాళ్లు తేల్చాకే పేర్లు లేకుండా ఒక లైన్ బయట పెడతారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి 28 రోజులు వేశారు, మూడోవాణ్ని బయటికి పంపారు. ఆ అమ్మాయి నెల తర్వాత మళ్లీ చేరింది. ఆడుతుంది, బాగా ఆడుతుంది, మైక్ మాత్రం ఆన్ చేయలేదు.

మోడ్‌లు ముగ్గురే, ముగ్గురూ జీతం లేనివాళ్లు, పరీక్షల సీజన్‌లో అప్పీలు పెడితే జవాబుకు నాలుగు రోజులు పడుతుంది. పాస్ డబ్బుల్లోంచి వాళ్లకు ఎంతో కొంత ఇవ్వమని పెట్టాను, దాని మీద ఇంకా నడుస్తోంది.

అయిదుకు నాలుగు ఇస్తా. ఒకటి ఎందుకు తగ్గించానో పైనే ఉంది, ఏసీ వల్ల కాదు. ఈ నెల పాస్ కూడా కట్టాను. పోయేవాళ్లు హెడ్‌ఫోన్ సొంతది తీసుకుపోండి, అక్కడివాటికి చెవుల దగ్గర తోలు ఊడి నల్ల పొట్టు రాలుతోంది, తలస్నానం చేసి పోతే జుట్టుకంతా అంటుకుంటుంది.