క్రాస్బీ తీరంలో ఇనుప మనుషులు

లివర్‌పూల్ వెళ్లే మనవాళ్లు బీటిల్స్ మ్యూజియం, ఫుట్‌బాల్ స్టేడియం చూసి తిరుగు రైలెక్కేస్తారు. ఒక పూట క్రాస్బీ బీచ్‌కి ఉంచుకోమంటాను. బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్లీ పోతపోయించిన 100 ఇనుప మనుషులు దాదాపు మూడు కిలోమీటర్ల పొడవునా సముద్రంకేసి చూస్తూ నిలబడి ఉంటారు. ‘అనదర్ ప్లేస్’ అని పేరు. 2005 నుంచీ అక్కడే ఉన్నారు. టికెట్టూ లేదు, గేటూ లేదు.

బయల్దేరే ముందు పోటు వేళలు చూసుకోండి. నిండు పోటులో వెళ్తే చాలా బొమ్మలు నీళ్లలోనే ఉంటాయి. మేం ఆటు మొదలయ్యాక వెళ్లాం. ముందు తలలు, తర్వాత భుజాలు, ఆ తర్వాత నడుములు బయటపడ్డాయి. ఒడ్డు దగ్గరున్నవాటికి ఉత్త తుప్పే. లోపలున్నవాటి కాళ్లకూ పొట్టకూ చిన్న చిన్న గుల్లలు దట్టంగా పట్టి, చేత్తో తడిమితే గీసుకుంటాయి.

ఇవి శిల్పి తన ఒంటి మీదే ప్లాస్టర్ వేయించుకుని తీయించిన 17 అచ్చుల నుంచి వచ్చినవి. ఒక్కో బొమ్మ 650 కిలోలు. ఒకదాంట్లో ఊపిరి బిగబట్టిన ఛాతీ, ఇంకోదాంట్లో వదిలేసిన భుజాలు. అన్నీ దిగంబరమే కాబట్టి మా అత్తయ్య మొదట మొహం తిప్పుకున్నారు. కాసేపటికి ఆవిడే, “శ్రవణబెళగొళలో దండం పెట్టుకోలేదటే?” అన్నారు. నిజమే కానీ గోమటేశ్వరుడిది లోపమన్నది లేకుండా తీర్చిన దేహం. ఇది నలభైల్లో ఉన్న మామూలు మనిషి ఒళ్లు. దాన్ని అందంగా చూపించాలన్న తాపత్రయమే లేదు. పైగా రోజూ ఉప్పునీళ్లు దాన్ని ఇంకాస్త తినేస్తున్నాయి. నాకు నచ్చింది అదే.

గోర్మ్లీదే గేట్స్‌హెడ్‌లోని ‘ఏంజెల్ ఆఫ్ ది నార్త్’ అనే దేవదూత విగ్రహం కూడా చూశాం. 20 మీటర్ల ఎత్తు, రెక్కలు 54 మీటర్లు. హైవే మీద కారులోంచే కనిపిస్తుంది, పాదాల దగ్గర ఫొటో దిగితే పావుగంటలో పని అయిపోతుంది. దానికోసమే అంత దూరం వెళ్లక్కర్లేదు.

క్రాస్బీకి లివర్‌పూల్ సెంట్రల్ నుంచి సౌత్‌పోర్ట్ వైపు వెళ్లే మెర్సీరైల్ ఎక్కాలి. కొత్త బోగీల గుమ్మం ప్లాట్‌ఫామ్‌తో సమంగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులవాళ్లకి హాయి. వాటర్‌లూలో దిగితే సౌత్ రోడ్ మీద తినడానికి చాలా ఉన్నాయి. బ్లండెల్‌శాండ్స్ అండ్ క్రాస్బీ స్టేషన్ దగ్గర అంత సందడి ఉండదు. బస మాత్రం సెంట్రల్ దగ్గరే చూసుకోండి. మేం బీచ్ పక్కన దిగిన గెస్ట్‌హౌస్‌లో లిఫ్టు లేదు, వేడినీళ్లు అంతంతమాత్రం, రేటేమో సిటీ హోటల్‌కి తీసిపోదు.

గాలి చెవులు కోసేస్తుంది, టోపీ తప్పనిసరి. దూరంగా ఉన్న బొమ్మల దాకా నడవాలని పిల్లలు మారాం చేస్తారు, పంపకండి. బురదలో కాళ్లు దిగబడతాయి, పోటు చూస్తుండగానే వెనక నుంచి చుట్టేస్తుంది. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.