మగ్గం గుంటల చిట్టెలుకలు: నాలుగు చెక్క బోన్లతోని తిప్పలు తప్పినయి

మాది గద్వాల. ఇంట్ల గుంట మగ్గం ఉంది, అంటే కాళ్లు గుంటల పెట్టి కూసుండి నేసే మగ్గం. మా ఆయన నేస్తడు, నేను కండెలు చుడత. ఇది ముందుగాల ఎందుకు చెప్తున్ననంటే, వేరే ఇంట్ల ఎలుకలు పడితే బియ్యం పోతయి, సబ్బు బిళ్ల పోతది. నేసేటోళ్ల ఇంట్ల పడితే నోటికాడి కూడు పోతది. పోయిన కార్తీకంల మాకు అదే అయింది. అప్పటిసంది ఎలుకల కోసం ఏమేం కొన్నమో, ఏది పనికొచ్చిందో, ఏది తిప్పలు తెచ్చిందో రాస్తున్న.

గద్వాల చీరంటే ఒళ్లంత నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకనాడు పొద్దున మా ఆయన పడుగు (మగ్గం మీద నిలువుగ సాచిన పోగులు) మీద కప్పిన బట్ట తీసి అట్లనే నిలవడ్డడు. నూలు పడుగు అరచేయి మందం కొరికి ఉంది. పక్కనే ఉన్న పట్టు పోగులను ముట్టనే లేదు. గంజి పట్టిన నూలు కదా, ఆ గంజి వాసనకే వచ్చింది. తెగిన పోగులు లెక్కపెడితే 160. ఒక్కొక్క పోగు కొస దొరకబట్టి, కొత్త పోగు అతికి, దువ్వెన అసుంటి అచ్చుల నుంచి మళ్ల తియ్యాలె. రెండు దినాలు దానికే పోయినయి. ఆ రెండు దినాలకు కూలి ఎవరిస్తరు? చీర ఇయ్యాల్సిన తారీకు దాటింది, పెండ్లోళ్లు వేరే చీర కొనుక్కున్నరు.

మా ఇంటెనుక సీడ్ పత్తి చేన్లు. నడిగడ్డల, అంటే కృష్ణ, తుంగభద్ర నడుమ ఉన్న మా దిక్కు, ఎటు చూసినా అవే ఉంటయి. పత్తి తీసుడు అయిపోయి, చలి మొదలైనంక చేన్లల్ల ఉన్నయన్నీ ఇండ్లల్లకు మర్లుతయి. మా అత్తమ్మ వీటిని సుంచెలుకలంటది. గుంట గోడ మట్టిది, పాతది. దాంట్లనే బొర్ర చేసుకున్నయి. ఏ ఎలుకనో తెలుసుకునేది పెంటికలను చూసి: బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక, దాని కంటె శానా పెద్దగుంటే పెద్దెలుకనో పందికొక్కో. ఒక్క చిట్టెలుకనే దినానికి 50కి తక్కువ కాకుండ పెంటికలు వేస్తది. అందుకని గుప్పెడు పెంటికలు కనిపిస్తే పది ఎలుకలున్నయని భయపడాల్సిన పని లేదు. గానీ తొందరపడాలె. ఆడెలుక మూడు వారాలకే ఈనుతది, ఈతకు ఐదారు పిల్లలు.

మొదట జిగురు అట్ట తెచ్చినం. ఒక్కటంటే ఒక్క ఎలుక అంటుకుంది, పొద్దుందాక కీసుకీసుమన్నది. దాని పక్కన ఒక బల్లి కూడ అంటుకుంది. మా అత్తమ్మ చూడలేక పల్లినూనె పోసి రెండిటినీ విడిపించింది. నూనె పోస్తే ఆ జిగురు వదుల్తది, ఎవరి ఇంట్లనన్న పిల్లి కూననో పిట్టనో పొరపాటున అంటుకుంటే ఇది గుర్తుంచుకోండ్రి. మాకైన నష్టం వేరే ఉంది. అట్ట మీద పడ్డ ఒక పట్టు కండె మొత్తం ఖరాబైంది. నూలు, పట్టు ఉన్న ఇంట్లకు జిగురు అట్ట తేవద్దు. అదట్లుంచి, ప్రాణమున్న జీవిని రాత్రంత అట్ల గుంజులాడనిచ్చుడు నాకు మనసొప్పలే.

రెండోది మందు కేకులు. నీలం రంగువి, ప్యాకెట్ మీద బ్రోమాడియోలోన్ 0.005 శాతం అని ఉండె. ఇది తిన్న ఎలుక అక్కడికక్కడ సావదు, రక్తం గడ్డకట్టుడు ఆగిపోయి మూడు నుంచి ఐదు దినాలకు సస్తది. ఎక్కడ సస్తదో మన చేతుల లేదు. మాది గుంట గోడ లోపల్నే సచ్చింది. వారం దినాలు ఆ గుంటల కాళ్లు పెట్టి నేసుడు మా ఆయనకు నరకమైంది. ముక్కుకు తువ్వాల కట్టుకొని నేసిండు. మూడో దినం రెండేండ్ల మా బిడ్డ చేతిల ఆ నీలం ముక్క చూసిన. నోట్ల పెట్టలే, పెట్టబోతుంటె గుంజుకున్న. అయినా నమ్మకం లేక, ప్యాకెట్ పట్టుకొని దవాఖానకు ఉరికినం. ప్యాకెట్ తెచ్చుడు మంచిదైందని డాక్టరమ్మ అన్నది. ఈ రకానికి విటమిన్ కె విరుగుడు ఉంది, గానీ అన్ని మందులకు అట్ల ఉండదట. చేన్లల్ల కలిపే నల్లపొడి, జింక్ ఫాస్ఫైడ్, కడుపుల పడితే గ్యాస్ అయితది. పసుపుపచ్చ భాస్వరం ఉండే ఎలుకల పేస్టు లివర్‌ను తింటది. ఆ రెండిటికీ విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్ల పేస్టు డబ్బీ గూట్లె పెట్టుకునేటోళ్లు ఇయ్యాల్నే తీసెయ్యాలని చేతులు జోడించి అడుగుతున్న.

హైదరాబాద్ నుంచి మా మరిది ఒక మిషను పంపిండు, ప్లగ్గుల పెడితే మనకు వినపడని సప్పుడు చేస్తదట. 650 రూపాయలు. పది దినాలు పెట్టినం, ఎలుకలు దాని కిందికెల్లే ఉరికినయి. అమెరికాల ఎఫ్‌టీసీ అనే సర్కారు సంస్థ 2001లనే ఇసుంటి మిషన్లు అమ్మేటోళ్లకు, 60 మందికి పైగా, రుజువు లేకుండ చెప్పుకోవద్దని హెచ్చరిక ఉత్తరాలు రాసిందని తర్వాత మరిదే చదివి చెప్పిండు. పైసలు దండుగ.

పిల్లిని సాదుకోమని అందరూ అంటరు. సాదినం. అది పడుగు మీదనే పండుకుంటది, గోర్లతోని పట్టు పోగులు గుంజుతది. మా అక్కోళ్లకు ఇచ్చేసినం.

ఇగ బోన్ల ముచ్చట. పాత బస్టాండు దిక్కు ఇనుప సామాన్ల దుకాణంల ముందుగాల తీగల బోను తీసుకున్న, 220 రూపాయలు. పొద్దున చూస్తే తలుపు పడి ఉంది, ఎర లేదు, ఎలుక లేదు. మూడు రాత్రులు ఇదే కత. నాలుగో రాత్రి లైటు పట్టుకొని కూసున్న. ఎలుక లోపలికొచ్చింది, తలుపు పడ్డది, అది తీగల సందుకెల్లి మెల్లగ బయటికొచ్చి పోయింది! చిట్టెలుకకు పెన్సిలు పట్టేంత సందు చాలు. ఆ బోను పెద్దెలుకలకు చేసింది. తిరిగి తీస్కపోతే దుకాణం పెద్దాయన ఒక్క మాట అనకుండ తీసుకొని, లోపల్నుంచి చెక్క బోను తెచ్చి చూపిండు. వడ్లాయన చేసిచ్చేటియట. మూడు దిక్కుల చెక్క, ఒక దిక్కు సన్న జాలి, పైన స్ప్రింగు తలుపు, లోపల ఎర కొక్కెం. ఒక్కటి 130. "అమ్మా, ఒక్కటి తీస్కపోతే లాభం లేదు, నాలుగు తీస్కపో, పడకపోతే మూడు వాపస్ ఇయ్యి" అన్నడు. ఆయన మాట నిజమే. చిట్టెలుక గూడుకాడికెల్లి పది అడుగులు, మహా అంటే ముప్పై అడుగులు తిరుగుతది. గుంట మూలల పెట్టిన బోనుకు వంటర్రల తిరిగే ఎలుక రాదు.

తెచ్చిన దినమే పడ్డయనుకోవద్దు. కొక్కెం బిగుసుగ ఉండె. చిట్టెలుక తూగేది 15, 20 గ్రాములు, దాని గుంజుడుకు ఆ తలుపు పడలే. మా ఆయన ఆకురాయితోని కొక్కెం కొస జర రాకిండు, వేలు తగిలితే పడేటట్టు చేసిండు. ఎరగా ఎండు చేప పెట్టినం, టమాట ముక్క పెట్టినం. అన్నిటికంటె వేయించిన పల్లీ బాగ పనిచేసింది. పల్లీని ఉత్తగ పెడితే మెల్లగ తీసుకొని పోతది. నూలు పోగుతోని కొక్కేనికి గట్టిగ కట్టాలె. అప్పుడు గుంజుతది, గుంజంగనే తలుపు పడ్తది. మా ఇంట్ల నూలు పోగులకు కొదవ లేదు. ఇంకొకటి, బోనును నడి అర్రల పెట్టొద్దు. ఎలుక గోడ పొంటి మీసాలు రాసుకుంట ఉరుకుతది. బోనును గోడకు ఆనిచ్చి, మూతి అది వచ్చే దారికి ఎదురుంగ పెట్టాలె.

మొదటి రాత్రి రెండు పడ్డయి. తొమ్మిది రాత్రులల్ల మొత్తం 11. మా అత్తమ్మ వినాయకుని వాహనాన్ని సంపనియ్యదు. రోజూ పొద్దుగాల మా ఆయన సైకిల్ మీద రాయచూరు తొవ్వల రాళ్ల బోడు దాక పోయి ఇడిసొచ్చిండు. చేన్ల పొంటి ఇడువొద్దని నేనే చెప్పిన, ఆ రైతు కూడ మన అసుంటోడే కదా. ఇంటి ముందట ఇడిస్తే రాత్రికి తిరిగొస్తది.

బోన్లు ఖాళీగుండుడు మొదలైనంక గుంట గోడ పని పట్టినం. బొర్రలల్ల గిన్నెలు తోమే స్టీలు పీసు కుక్కి, మీదికెల్లి సిమెంటు పూసినం. ఉత్త సిమెంటు పచ్చిగున్నప్పుడే తోడేస్తయి, స్టీలు పీసు ఉంటే పండ్లకు తగిలి ఇడిసిపెడ్తయి. ఎనుక తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టిచ్చినం. గంజి గిన్నె రాత్రిపూట మూత పెట్టి బరువు పెడుతున్న. పెంటికలను పొడిగ ఊడిస్తే ఆ దుమ్ము ముక్కుల పోతది, మంచిది కాదు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కొంచెంసేపు నాననిచ్చి, గుడ్డతోని తుడిచి ఆ గుడ్డ పారేసిన. మూతికి మాస్కు, చేతులకు కవర్లు.

బోనుకు ఐదుకు నాలుగు ఇస్త. ఒకటి ఎందుకు తగ్గిస్తున్ననంటే, చెక్క సన్నది. రెండు బోన్లల్ల మూలలు లోపల్నుంచి కొరికినయి, పొద్దున లేవంగనే తియ్యకపోతే తొవ్వ చేసుకుంటది. మూలలకు రేకు కొట్టిస్తే ఇంకో ఇరవై రూపాయలెక్కువైనా కొంటరు, ఈ మాట దుకాణం పెద్దాయనకు చెప్పొచ్చిన. దుకాణానికి మాత్రం ఐదుకు ఐదు. అమ్ముడు ఒక్కటే కాదు, స్ప్రింగు ఎట్ల వంచాల్నో, ఎర ఎట్ల కట్టాల్నో కూసుండబెట్టి చూపిండు.

మూడు బోన్లు కడిగి ఎండబెట్టి అటుక మీద పెట్టినం. ఒకటి గుంటల గోడకు ఆనిచ్చి అట్లనే ఉంచినం, మా ఆయన మగ్గం ఎక్కే ముందు రోజూ దాని దిక్కు చూస్తడు. పోయిన నెలల ఒక్కసారి తలుపు పడ్డది. ఎనుక తలుపు రబ్బరు పట్టీ ఒక కొసకు ఊడి ఉండె, అదే దినం మళ్ల కొట్టిచ్చిన.