ల్యాడెట్ టు లేడీ: వంటగదికి ఫుల్ మార్కులు, పెళ్లిచూపుల విందుకు సున్నా

వారాంతం వస్తే తప్పతాగి రోడ్డు మీద కేకలు పెట్టే ఇంగ్లండు అమ్మాయిల్ని పోగేసి, ఒక పాత బంగళాలో పెట్టి, ఐదు వారాల్లో పెద్దింటి ఆడబిడ్డల్లా మార్చి చూపిస్తామనే రియాలిటీ షో ఇది. మగపిల్లల్లా తాగి గోల చేసే ఇలాంటి అమ్మాయినే అక్కడ ‘ల్యాడెట్’ అంటారు. బ్రిటన్‌లో ఐటీవీ అనే ఛానెల్లో 2005లో మొదలై 2010 దాకా నడిచింది, చివర్లో ఆస్ట్రేలియా అమ్మాయిల్ని కూడా తెచ్చారు. పాత సరుకే. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. నెల్లూరులో మా ఇంట్లో అత్త, వదిన, వదిన కూతురు, నేను కలిసి కూర్చుని చూశాం. ఈ మధ్య ఇంతగా నవ్వుకున్న షో లేదు, మధ్యలో ఆపేసి వాదులాడుకున్న షో అంతకన్నా లేదు.

షోలోని ఆ పాత బంగళా ఇంగ్లండులో కౌంటీ డర్హమ్‌లో ఉన్న ఎగల్‌స్టన్ హాల్, అది ఒకప్పుడు నిజంగానే ఫినిషింగ్ స్కూలు. డబ్బున్న ఇళ్ల ఆడపిల్లల్ని స్కూలు చదువు అయ్యాక, పెళ్లికి ముందు, ఇలాంటి చోటికి పంపించేవాళ్లు: వంట, కుట్టు, పూలు సర్దడం, అతిథుల్ని కూర్చోబెట్టి మాట్లాడించడం, ఇవీ పాఠాలు. స్విట్జర్లాండ్ వీటికి పేరుపడింది, యువరాణి డయానా కూడా పెళ్లికి ముందు, 1970ల చివర్లో, అక్కడ ఒకదాంట్లో కొన్నాళ్లు ఉంది. అక్కణ్నుంచి వచ్చిన పిల్లల్ని రాణిగారి ముందు నిలబెట్టి పెద్ద కుటుంబాలకు పరిచయం చేసే పద్ధతి మాత్రం అంతకు ముందే, 1958లోనే ఆపేశారు. అంటే ఏ సంబంధాల కోసం ఈ చదువు పుట్టిందో ఆ సంతే మూతబడి అప్పటికి నలభై ఏళ్లు దాటింది, షో వాళ్లు మాత్రం దుమ్ము దులిపి మళ్లీ బోర్డు తగిలించారు. అమ్మాయిలు ట్వీడ్ స్కర్టు, ముత్యాల దండ వేసుకుని తిరగాలి. వారం వారం టీచర్లు కూర్చుని ఒకర్ని ఇంటికి పంపించేస్తారు.

టీచర్లు మాత్రం నటులు కారు, ఎవరి పనిలో వాళ్లు ఉద్దండులు. ప్రిన్సిపాల్ జిల్ హార్బర్డ్ కళ్లజోడు మీదుగా చూసిందంటే చాలు, అవతల ఉన్న పిల్ల నోట్లో మాట నోట్లోనే ఆగిపోతుంది. నడక, మాట నేర్పే జీన్ బ్రోక్-స్మిత్ అంతకుముందు లండన్‌లో లూసీ క్లేటన్ అనే పేరున్న స్కూలు నడిపింది. వంట నేర్పేది రోజ్‌మేరీ ష్రాగర్, ఆమె నిజంగానే షెఫ్. నా లెక్కన షో మొత్తాన్ని నిలబెట్టింది ఆ వంటగదే. ఎందుకంటే అక్కడ ఒళ్లు దాచుకోవడానికీ నటించడానికీ వీల్లేదు. సాస్ విరిగిపోతే విరిగిపోయినట్టే, టైముకి ప్లేటు బయటికి వెళ్లకపోతే వెళ్లనట్టే. ఆమె గట్టిగా అరుస్తుంది, పేరు పెట్టి తిడుతుంది, పని బాగుంటే మాత్రం అంతే గట్టిగా మెచ్చుకుంటుంది. అంతవరకూ గోడకానుకుని వెక్కిరిస్తూ నిలబడ్డ పిల్ల తన చేత్తో చేసింది తను రుచి చూసుకుని ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది చూడండి, ఆ ముక్క కోసం మిగతా ఎపిసోడ్ భరించొచ్చు. గమ్మత్తు ఏంటంటే మర్యాద నేర్పే ఆ బంగళాలో అందరికన్నా పెద్ద గొంతు ఈ టీచరుదే, ఆమెను ఎవరూ ఇంటికి పంపించరు.

నడక పాఠాలు సరదాగా ఉంటాయి గానీ త్వరగా విసుగొస్తాయి. నెత్తి మీద పుస్తకం పెట్టుకుని నడవడం, కారులోంచి మోకాళ్లు కలిపి దిగడం. దించిన తల ఎత్తకుండా నడవమనే ఊళ్లో పెరిగిన మాకు, తల ఎత్తి నడవడానికి పరీక్ష పెట్టడం కాస్త కొత్తగానే అనిపించింది.

భోజనాల బల్ల దగ్గర మాత్రం మా అత్త లేచి కూర్చుంది. ఇంగ్లిషు మర్యాద ప్రకారం ఫోర్కు పళ్లు కిందికి తిప్పి పట్టుకోవాలి, అంటే బఠాణీల్ని దాని వీపు మీదికి కత్తితో నొక్కి ఎక్కించుకుని తినాలి. ‘‘తిరగేసి పట్టుకుంటే పది గింజలు వస్తాయి గదమ్మే, ఈ అవస్థ దేనికి’’ అంది అత్త. దానికి జవాబు నా దగ్గర లేదు, ఆ టీచర్ల దగ్గర కూడా ఉండదు. ఈ పద్ధతులు తిండి సుఖంగా తినడానికి పెట్టినవి కావు, ఎవరు మనవాళ్లు, ఎవరు కాదు అని బల్ల దగ్గరే తేల్చేయడానికి పెట్టినవి. చేపల పులుసులో ముల్లు కనపడకుండా వేళ్లతో పక్కకు తీసి, మాట ఆపకుండా తినే మా ఊరి ఆడవాళ్లను ఆ బల్ల దగ్గర కూర్చోబెడితే మొదటి వారమే ఇంటికి పంపించేస్తారు. అదే ఆ రోజ్‌మేరీగారికి ముళ్లున్న చేప వడ్డించి చేత్తో తినమంటే ఎట్లుంటుందో అని వదిన నవ్వింది. (అన్నట్టు, మన ఉదయగిరిలో నర్ది చెక్కతో స్పూన్లు, ఫోర్కులు ఎంత నునుపుగా చెక్కుతారో! చెక్కే వాళ్లు మాత్రం ఇంటికెళ్లి చేత్తోనే తింటారు.)

ఇక విందులు. పెద్దింటి పెళ్లికాని కుర్రాళ్లను పిలుస్తారు. మన అమ్మాయిలు వండాలి, వడ్డించాలి, పక్కన కూర్చుని వాళ్ల గుర్రాల గురించీ వేట గురించీ అడిగి ఊకొట్టాలి. తర్వాత ఎవరు నచ్చారో ఎవరు నచ్చలేదో ఆ కుర్రాళ్లు చెప్తారు. ఇదేదో బ్రిటిష్ రాజసం అనుకుని చూస్తున్నాం, వదిన కూతురు టక్కున ‘‘అత్తా, ఇది పెళ్లిచూపులే గదా’’ అనేసింది. అవును, ఉప్మా, కాఫీ లేవంతే. కొంతలో కొంత మన పెళ్లిచూపుల్లో అబ్బాయి కూడా తలొంచుకుని చెమటలు పట్టి కూర్చుంటాడు, వాళ్ల నాన్న ముందు వాడికీ టెన్షనే. ఇక్కడ ఆ కుర్రాళ్లలో కొందరు తాగి నోరు పారేసుకున్నా వాళ్లకు ఏ పాఠమూ లేదు, ఏ వారమూ ఎవడూ ఇంటికి పోడు. షోలో నాకు అసలు మింగుడు పడనిది ఇదే.

ఆ మాటకొస్తే దారి తప్పిన మగపిల్లలకు ఇదే ఐటీవీ వేరే షో పెట్టింది, ‘బ్యాడ్ ల్యాడ్స్ ఆర్మీ’ అని, 2004 నుంచి 2006 దాకా. చిన్న చిన్న నేరాలు చేసి తిరిగే కుర్రాళ్లను తీసుకెళ్లి 1950ల నాటి సైనిక శిక్షణ ఇస్తారు: బూట్లు పాలిష్, పరేడ్, తుపాకీ, కలిసికట్టుగా బతకడం. రెండు షోలూ ఒక పూట అటూ ఇటూ మార్చి చూశాను. మగపిల్లాడు చెడిపోతే దేశానికి పనికొచ్చేలా చేస్తామంటారు, ఆడపిల్ల చెడిపోతే బల్ల మీద పూలు సర్దడం నేర్పుతామంటారు. ఆ రోజుల మీద ఇంత మోజు దేనికో గానీ, తాగుడు గోల మాత్రం అప్పట్లో అక్కడ నిజంగానే పెద్ద చర్చ, అదే 2005 నవంబరు నుంచి బార్లు రాత్రి ఎంతసేపైనా తెరుచుకునే వీలిచ్చే చట్టం కూడా అమల్లోకి వచ్చింది. బార్ల టైముల మీద కోపం అమ్మాయిల మీద తీర్చుకున్నట్టుంది.

గట్టిగా అరవడం జబ్బు అన్నట్టు చూపించడం దగ్గర నెల్లూరు వాళ్లకు పేచీ రాక తప్పదు. తాగే అమ్మాయిల షో చూస్తూ సారా మాన్పించిన ఆడవాళ్లను తలుచుకోవడం విచిత్రమే గానీ, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడానికి గొంతు తగ్గించి, మోకాళ్లు కలిపి కూర్చుని అడగలేదు. రోశమ్మ లాంటి వాళ్లు కేకలు పెట్టారు, చీపుర్లు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. జిల్లా అంతా అంటుకుంది, 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. ఎగల్‌స్టన్ హాల్లో వాళ్లందరికీ సున్నాలే పడేవి. మా వదిన కూతురు క్యాంపస్ ఇంటర్వ్యూల కోచింగ్‌కి వెళ్తే అక్కడ కూడా మొదటి సలహా ఇదే ఇచ్చారట, ‘‘కొంచెం మెల్లగా మాట్లాడమ్మా’’ అని. పక్కన కూర్చున్న అబ్బాయి అంతకన్నా గట్టిగా మాట్లాడితే కాన్ఫిడెన్స్ అన్నారట.

షోని పూర్తిగా కొట్టిపారేయను. ఆ అమ్మాయిల్లో కొందరికి అంతకుముందు ఎవరూ ‘‘నువ్వు ఇది చేయగలవు’’ అని చెప్పి వెనకే నిలబడి పని నేర్పినట్టు కనపడదు, అది దొరికినప్పుడు వాళ్ల ముఖం మారడం కెమెరా ట్రిక్కు కాదు. కావాలనే బాటిల్ చేతికందేలా పెట్టి, తాగాక తప్పు పట్టి, ఏడిస్తే దగ్గరగా చూపించే చోట్లు కూడా బోలెడు. అవి ఎడిటింగ్ బల్ల మీద పుట్టిన గొడవలని తెలిసిపోతూనే ఉంటుంది.

చూడాలనుకుంటే మొదటి సీజన్ చూడండి. తర్వాతి వాటిలో అమ్మాయిలకు షో అంటే ఏంటో తెలిసిపోయి, వచ్చేటప్పుడే రౌడీ వేషం కట్టుకుని వస్తారు. అమెరికా అమ్మాయిల్ని తెచ్చి 2009లో ఎంటీవీలో వేసిన ‘ద గర్ల్స్ ఆఫ్ హెడ్సర్ హాల్’ కూడా ఇదే బాపతు, డోనాల్డ్ ట్రంప్ నిర్మాతల్లో ఒకడు, అందాల పోటీ వాసన ఎక్కువ, దాన్ని వదిలేయొచ్చు. ఇంగ్లిషు యాస గట్టిది కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ప్రతి ఎపిసోడ్ మొదటి పది నిమిషాల్లో బూతులూ బట్టల్లేని గోలా ఉంటాయి, పెద్దవాళ్లతో చూసేటట్టయితే అక్కడ ముందుకు జరిపేసి వంటగది దగ్గర ఆపండి. ఐదుకి మూడు స్టార్లు, అందులో రెండు రోజ్‌మేరీగారివే.