బొమ్మలు పట్టు వదల్లేదు, షీటే ఊడింది: మాగ్నెట్ డబ్బాలను ఏళ్లపాటు వాడాక

రంగు వేసిన చోట చెయ్యి పెట్టకుండా బొమ్మను బయటికి తీయగలగాలి. వార్‌గేమింగ్ బొమ్మలు (టేబుల్ మీద యుద్ధాల ఆట ఆడే, మనమే రంగులు వేసుకునే చిన్న సైనికుల బొమ్మలు) దాచుకునే ఏ పద్ధతినైనా నేను కొలిచేది ఈ ఒక్క విషయంతోనే. ఫోమ్ ట్రేలో పడుకోబెట్టిన బొమ్మను తీయాలంటే రెండు వేళ్లు సందులోకి దూర్చి, తల దొరికితే తల, తుపాకీ దొరికితే తుపాకీ పట్టుకుని లాగాలి. మాగ్నెట్ డబ్బాలో బొమ్మ నిలబడి ఉంటుంది. బేస్ (బొమ్మ నిలబడే చిన్న పీట) కింద అంటించిన మాగ్నెట్, డబ్బా అడుగున ఇనుము ఉన్న షీటును పట్టుకుంటుంది. బేస్ అంచు పట్టుకుని కాస్త పక్కకు వంచితే చేతిలోకి వచ్చేస్తుంది. కళ్లు చికిలించుకుని కనుపాపల దాకా రంగు వేసిన ముఖాన్ని మళ్లీ వేలితో తాకే పనే లేదు. ఈ ఒక్క సుఖం కోసమే నా సేకరణలో దాదాపు అంతా ఫోమ్‌లోంచి మాగ్నెట్ డబ్బాల్లోకి మార్చాను. ఏళ్లు గడిచాయి, ఇప్పటికీ వెనక్కి వెళ్లలేదు. అయితే మొదట్లో స్నేహితులందరికీ చెప్పినంత ధీమాగా మాత్రం ఇప్పుడు చెప్పలేను.

ఫోమ్ మీద నా కోపం కేవలం చెయ్యి తగలడం గురించే అయితే ఎలాగో సర్దుకునేవాణ్ణి. ప్రయాణంలో బొమ్మ ఆ గుంటలో సన్నగా కదులుతూనే ఉంటుంది. ముక్కు, మోకాలు, కత్తి అంచు, భుజం పైభాగం, అంటే మనం హైలైట్లు (వెలుగు పడినట్టు కనిపించే లేత రంగు గీతలు) పెట్టిన చోట్లే ముందు అరుగుతాయి. లోహపు బొమ్మల్లో ఇది ఇంకా ఎక్కువ, బరువెక్కువ కాబట్టి రాపిడీ ఎక్కువే. దానికి తోడు పాలీయూరిథేన్ ఫోమ్ శాశ్వతం కాదు. గాలిలోని తేమకి, ఆక్సిజన్‌కి, వెలుతురుకి అది లోలోపల విరుగుతూ వస్తుంది. ఒక రకం పొడిపొడిగా రాలుతుంది, ఇంకో రకం జిగురుగా మారుతుంది. మ్యూజియంలలో పాత ప్లాస్టిక్ వస్తువులను కాపాడేవాళ్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న తలనొప్పి. నా పాత బ్యాగులో అడుగున ఉన్న ట్రే అలాగే జిగురైపోయి, మ్యాట్ వార్నిష్ వేసిన గుర్రాల డొక్కల మీద పసుపు నలుసులు అంటించింది. వాటిని ఒక్కొక్కటిగా బ్రష్‌తో తీసిన రోజే ఫోమ్‌తో నా సంబంధం తెగిపోయింది.

ఇక అసలు సంగతి. నేను మొదట కొన్నవి రెడీమేడ్ మాగ్నెట్ డబ్బాలు. పారదర్శకంగా ఉండే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బా, అడుగున ముందే అంటించిన ఇనుప పొడి కలిసిన రబ్బరు షీటు. శాశ్వతంగా అంటుకునే జిగురు అని పెట్టె మీద రాసి ఉంది. కొంతకాలం ఏ లోటూ లేదు. తలకిందులు చేసినా బొమ్మలు కదిలేవి కావు. వచ్చినవాళ్లందరికీ అలా తిప్పి చూపించాను కూడా.

ఒక వేసవిలో ఆటకు వెళ్తూ డబ్బాలు కారు డిక్కీలో పెట్టాను. అన్నీ సమంగానే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి కుదురుగా. టేబుల్ దగ్గర మూత తీశాను. ఒక్క బొమ్మ కూడా షీటు మీంచి ఊడలేదు. షీటే ఒక పక్కనుంచి లేచి, చాప చుట్టినట్టు లోపలికి ముడుచుకుపోయింది. దాని మీద నిలబడ్డవాళ్లంతా నిలబడ్డట్టే ఉండి, ఎదురెదురుగా ఒకరి మీదికొకరు ఒరిగి ఇరుక్కుపోయారు.

అందులో ఉన్నది యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం (1618-1648) నాటి పైక్ దళం, అంటే పొడవాటి బల్లేలు పట్టిన కాల్బలం. 28 మి.మీ. స్కేలు, అంటే మనిషి బొమ్మ ఎత్తు దాదాపు అంత. అప్పటి పైక్ 16 నుంచి 18 అడుగుల పొడవు ఉండేది. ఈ స్కేలుకు తెస్తే దాదాపు 9, 10 సెంటీమీటర్లు. ప్లాస్టిక్‌తో అంత సన్నగా చేస్తే విరిగిపోతుందని స్టీలు తీగ కత్తిరించి పెట్టుకుంటాం. ఇప్పుడు ఆ తీగలే నాకు శత్రువులయ్యాయి. ఎదుటి వరుస బేస్‌ల కింద ఉన్న మాగ్నెట్లకు తగులుకుని, ఒకదాన్ని విడదీస్తే పక్కది వచ్చి అంటుకుంటోంది. చాలావాటికి పిడికిలి దగ్గర అతుకు ఊడింది. రెండు జెండాల రంగు పెచ్చులుగా లేచింది. ఆ రోజు ఆట ఆడలేదు, సాయంత్రమంతా చిక్కు విడదీస్తూ కూర్చున్నాను. బాధ కంటే కోపం ఎక్కువగా వచ్చింది. బొమ్మ కింద మాగ్నెట్ నేను అంటించింది, అది నిలబడింది. డబ్బు పెట్టి కొన్న భాగమే చెయ్యిచ్చింది.

అమ్మినవాళ్లకు రాస్తే, వేడి తగిలితే తమ పూచీ లేదన్నారు. ఆటకు బొమ్మలు తీసుకెళ్లడానికని అమ్మే డబ్బా కారులో వేడికి నిలవకపోతే ఎలాగో నాకు అర్థం కాలేదు. నిజానికి వేడి అసలు కారణం కూడా కాదు. పాలీప్రొపిలీన్‌కు ఉపరితల శక్తి చాలా తక్కువ, మామూలు జిగుర్లేవీ దాని మీద సరిగా పరుచుకుని పట్టు తీసుకోవు. సూపర్ గ్లూ సీసాలను దాని చుట్టం లాంటి పాలీఎథిలీన్‌తో చేసేది ఈ గుణం ఉందనే. పైగా రబ్బరు షీటు చుట్టగా వస్తుంది, ఆ వంపు దానికి గుర్తుండిపోతుంది. మూల కాస్త వదిలితే చాలు, మిగతాది తనంతట తనే లేస్తుంది. అంటే వేసవి రాకపోయినా ఏదో ఒక రోజు జరగాల్సిందే.

సిలికాన్ సీలెంట్‌తో మళ్లీ అంటించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాకు రెండు అభ్యంతరాలు. పాలీప్రొపిలీన్‌కు అదీ సరిగా పట్టదు. రెండోది ఇంకా ముఖ్యం. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వదులుతుంది. నా దగ్గర సీసం కలిసిన పాత బొమ్మలున్నాయి. మూసిన డబ్బాలో ఆ ఆవిరి తగిలితే సీసం మీద తెల్లటి పొడి లేస్తుంది, రంగు కింద నుంచే తినేస్తుంది. సీసం బొమ్మలను ఓక్ చెక్క అరల్లో పెట్టకూడదని పాతకాలపు సేకర్తలు చెప్పేది కూడా ఇందుకే, ఆ చెక్క కూడా అదే ఆమ్లం వదులుతూ ఉంటుంది.

చివరికి జిగురు ఆలోచనే మానేశాను. 0.5 మి.మీ. మందం జీఐ రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు) డబ్బా అడుగుకు సరిపడా కోయించి, అంచులు ఆకురాయితో అరగదీసి, నాలుగు మూలలా వెడల్పాటి వాషర్లు వేసి బోల్టులతో బిగించాను. నన్ను ఆశ్చర్యపరిచింది ఇక్కడే. రబ్బరు షీటు మీద ‘బాగానే పట్టుకుంది’ అనుకున్న బొమ్మలు రేకు మీద పెట్టగానే టక్కున అతుక్కున్నాయి. రబ్బరులో ఉన్నది ఇనుప పొడే కదా, రేకులో అంతా ఇనుమే. ఇన్నాళ్లూ సగం పట్టుతో సరిపెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. 40 సెం.మీ. పొడవు, 30 వెడల్పు రేకు దాదాపు అర కిలో తూగుతుంది. డబ్బాకు ఆ బరువు అదనం, నేను దానికి సిద్ధపడ్డాను. స్టెయిన్‌లెస్ స్టీలు తెచ్చేవాళ్లు మాత్రం చూసుకుని తెచ్చుకోండి. 304 గ్రేడుకు మాగ్నెట్ అంటదు, 430కి అంటుతుంది. జేబులో ఒక మాగ్నెట్ వేసుకుని వెళ్తే చాలు.

ఇక మొదట పొగిడిన మాటల్ని కాస్త సవరించుకోవాలి. డబ్బాను తలకిందులు చేసి చూపించడం గొప్ప పరీక్షేమీ కాదు. నిట్టనిలువుగా, పక్కకు తిప్పి నిలబెట్టి చూడండి. మాగ్నెట్‌ను నేరుగా పైకి లాగడానికి పట్టే బలం వేరు, పక్కకు జార్చడానికి పట్టే బలం వేరు. జారకుండా ఆపేది ఘర్షణ ఒక్కటే, అది లాగుడు బలంలో కొంత వంతే ఉంటుంది. నున్నటి జింకు పూత మీద నా లోహపు గుర్రపు దళం నెమ్మదిగా జారి ఒక మూలకు చేరింది. దానికి రేకు మీద పల్చగా మ్యాట్ ప్రైమర్ కొట్టాను. గరుకుదనం వల్ల కొంత మేలు జరిగింది, పూర్తిగా ఆగలేదు. అందుకని లోహపు బొమ్మల డబ్బాల్లో వరుసల మధ్య సన్నటి అడ్డుపట్టీలు పెడతాను, వాటిని ఎప్పుడూ నిలువుగా పెట్టను. ప్లాస్టిక్ బొమ్మలకు ఈ టెన్షన్ లేదు.

బొమ్మకు మాగ్నెట్ అంటించడం కూడా నేను మొదట్లో స్నేహితులకు చెప్పినంత తేలిక పనేమీ కాదు. గుల్ల బేస్‌లో మాగ్నెట్‌ను పైకప్పుకు అంటిస్తే రేకుకూ దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఒక్క మిల్లీమీటరు ఖాళీ ఉన్నా పట్టు దారుణంగా పడిపోతుంది. ముందు లోపల స్ప్రూ (బొమ్మ భాగాలు కత్తిరించుకున్నాక మిగిలే ప్లాస్టిక్ చట్రం) ముక్కలతో ఎత్తు చేసి, ఎపాక్సీ జిగురు పెట్టి, మాగ్నెట్ పెట్టి, వెన్న కాగితం పరిచిన రేకు మీద బొమ్మను నిలబెట్టి వదిలేస్తాను. మాగ్నెట్ తనే కిందికి దిగి బేస్ అంచుకు సమానంగా ఆగుతుంది. మాగ్నెట్ మీది నికెల్ పూత నున్నగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితంతో ఒకసారి రుద్దాలి. లేకపోతే బొమ్మ చేతిలోకి వస్తుంది, మాగ్నెట్ రేకు మీదే ఉండిపోతుంది. సూపర్ గ్లూతో అంటించినవాటిలో ఇది తరచూ జరిగింది, ఎపాక్సీవాటిలో అరుదు. 25 మి.మీ. ప్లాస్టిక్ బేస్‌కు 5 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న గుండ్రటి మాగ్నెట్ నాకు సరిపోయింది. లోహపు బొమ్మలకు ఇంకా వెడల్పైనది, మందమైనది కావాలి. N35 బదులు ఇంకా బలమైన గ్రేడు N52 కొనడం కంటే మందం పెంచడమే నాకు ఎక్కువ ఫలితమిచ్చింది.

చిన్న పిల్లలున్న ఇంట్లో విడి మాగ్నెట్లను లెక్కపెట్టి, తాళం వేసే చోట పెట్టండి. రెండు మింగితే అవి పేగు గోడలకు అటూ ఇటూ అంటుకుని కడుపులో చిల్లు పడేంత ప్రమాదం.

వేడి గురించి ఎక్కువగా అడుగుతుంటారు. మామూలు నియోడిమియం మాగ్నెట్లు 80 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయి. ముందు దెబ్బతినేది బొమ్మే. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసినవి 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి, సన్నటి రెజిన్ కత్తులు అంతకు ముందే వంగొచ్చు. ఎండలో నిలిపిన కారులో వదలకండి, అంతే.

సర్దే పద్ధతి విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. సైన్యం పేరు ప్రకారం కాకుండా, ఆట ప్రకారం, ఎత్తు ప్రకారం సర్దాలి. ఒక డబ్బా తీస్తే ఒక ఆటకు కావలసిన దళమంతా దొరకాలి. ఎత్తైన జెండాలు, పైక్‌లు ఉన్నవి లోతు డబ్బాలోకి, కాల్బలం తక్కువ లోతు డబ్బాలోకి. మూత జెండాను నొక్కుతోందంటే ఆ డబ్బా దానిది కాదు. ప్రతి డబ్బా నిండుగా ఉన్నప్పుడు పైనుంచి ఫొటో తీసి, ప్రింటు తీసి, ముందువైపు అంటిస్తాను. ఆట అయ్యాక ఆ ఫొటో చూసుకుంటూ తిరిగి పెడితే ఎవరు ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు, ఒకడు టేబుల్ కింద పడి ఉంటే వెంటనే తెలిసిపోతుంది. పైక్‌ల డబ్బాలో మాత్రం వరుసల మధ్య ఖాళీ వదులుతాను, స్టీలు తీగ పక్క బేస్ దరిదాపుల్లోకి పోకుండా.

ఇదంతా నా పరిస్థితికి సరిపోయిన పద్ధతి. నా బొమ్మల్లో ఎక్కువ భాగం 28 మి.మీ. ప్లాస్టిక్, తరచూ బయటికి తీసుకెళ్లి ఆడతాను, రేకు కోయించుకునే ఓపిక ఉంది. బొమ్మలు అద్దాల అలమారాలోంచి కదలనివాళ్లకు మాగ్నెట్లు అనవసరం, దుమ్ము రాకుండా తలుపు సందులు మూసుకుంటే చాలు. సేకరణ మొత్తం పాత లోహపు బొమ్మలే అయితే నేను కొంచెం తటపటాయిస్తాను. రెక్కలు చాచిన పెద్ద డ్రాగన్ లాంటివాటికి నా దగ్గర కూడా మంచి సమాధానం లేదు. నా రెజిన్ డ్రాగన్ రెక్కలు విడదీసి, మెత్తటి పాలీఎథిలీన్ ఫోమ్‌లో, విడి డబ్బాలో ఉంది. వందల బొమ్మలకు ఒకేసారి మాగ్నెట్లు పెట్టాలని కూర్చుంటే విసుగొస్తుంది. రాబోయే ఆటకు కావలసిన దళంతో మొదలుపెట్టి, ఆడినకొద్దీ ఒక్కో దళం మార్చుకోవడం మేలు.

రెడీమేడ్‌వి మళ్లీ కొంటానా అంటే, షీటు జిగురు మీద ఆధారపడినవైతే కొనను. ఖాళీ డబ్బా వేరుగా, రేకు వేరుగా తెచ్చుకుని బోల్టులు బిగించుకుంటాను. మొదటి తరం డబ్బాలు ఇంకా కొన్ని నా దగ్గర ఉన్నాయి. వాటిలో షీటు ఇప్పటికీ ఊడలేదు గానీ, వాటిని ఇల్లు దాటించడం మానేశాను. రేకు దొరికినప్పుడల్లా ఒక్కోటీ మార్చుకుంటూ వస్తున్నాను.